ఎండని చేప, ఎండని మిరపకాయ

ఏడు చేపల కథకు వేదాంతార్థం చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు. రాజంటే మనిషట, ఏడుగురు కొడుకులు సప్తధాతువులట, ఎండిన ఆరు చేపలూ అరిషడ్వర్గమట, ఎండని ఏడోది మనసట. గడ్డిమేటు అజ్ఞానం, ఆవు జ్ఞానం, దాన్ని మేపాల్సినవాడు సద్గురువు, చీమేమో సంసారం. ఏ పురాణ కాలక్షేపానికి వెళ్లినా ఇదే, ఈమధ్య ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే. చెప్పుకునేవాళ్లు చెప్పుకోనీండి. కానీ మూడేళ్ల పిల్లకు సప్తధాతువులతో పనేముంది? నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. నాకా కథ మాట నేర్పే పాఠంగానే కనపడుతుంది. అంతకంటే గట్టి పాఠం ఏ వాచకంలోనూ చూడలేదు.

ఎందుకో చెబుతాను. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లను ఏడిపించేది క్రియ. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చాం, వచ్చారు, వచ్చాయి. ఎవరు వచ్చారన్నదాన్నిబట్టి చివర మారిపోతుంటుంది. జరగని పనికి మాత్రం ఆ బెడద లేదు. నేను రాలేదు, నువ్వు రాలేదు, ఆవు రాలేదు, వాళ్లెవరూ రాలేదు. అందరికీ ఒకటే. ఏడు చేపల కథలో సగానికి పైగా జరగని పనుల చిట్టాయే. చేప ఎండలేదు, ఆవు మెయ్యలేదు, మేపేవాడు మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు. 'లేదు' ఒక్కటి నోటికి పట్టిందంటే చాలు, కథలో చాలాదూరం వెళ్లిపోవచ్చు. పిలుపులూ అంతే. చేపా, గడ్డీ, ఆవూ, అవ్వా, చీమా. చివరి అచ్చును సాగదీయడం తప్ప చేయాల్సిందేమీ లేదు. ప్రశ్న కూడా మారదు, ప్రతివాళ్లనూ 'ఎందుకు' అనే అడగాలి. తీరా పిల్లవాడు ఏడ్చాడు, చీమ కుట్టింది అనేచోట జరిగిన పనులు వస్తాయి. అప్పటికి పిల్లల నోరు బాగా తిరిగి ఉంటుంది.

ఈ గొలుసుకట్టు కథలు మనకొక్కళ్లకే లేవు. 1890లో జోసెఫ్ జేకబ్స్ అచ్చువేసిన ఇంగ్లీషు కథల సంపుటంలో ఒక ముసలమ్మ, ఆమె పంది ఉంటారు. పంది కంచె దాటనని మొండికేస్తుంది. పందిని కరవమంటే కుక్క కరవనంటుంది, కుక్కను కొట్టమంటే కర్ర కొట్టనంటుంది, కర్రను కాల్చమంటే నిప్పు కాల్చనంటుంది. యూదులు పస్కా పండగ రాత్రి విందు చివర పాడుకునే మేకపిల్ల పాట ఇంకా పాతది. 1590లో ప్రాగ్‌లో అచ్చయిన ప్రార్థన పుస్తకంలోనే అది ఉంది. భాష అరమాయిక్. పిల్లలకు అది ఇంట్లో వాడే భాష కాదు, అయినా మళ్లీ మళ్లీ వచ్చే వరస వల్ల నోటికొచ్చేస్తుంది. ఇంగ్లీషు కథలో వాళ్లంతా చెయ్యనని ఎదురు తిరుగుతారు, మన కథలో తప్పు పక్కవాళ్ల మీదికి నెడతారు. అందుకే మనది నాటకంగా ఆడటానికి మరీ బాగుంటుంది. తప్పు నెట్టాలంటే ఆ పక్కవాణ్ని చూపించాలి, వాడు వెంటనే ముందుకొచ్చి తన గోడు చెప్పుకోవాలి.

కథతో భాష నేర్పడం మా గుంటూరు సీమకు కొత్తేం కాదు. తెలుగు నేర్చుకోవడానికి మొదట ఆపసోపాలు పడినవాళ్లు తెల్లదొరలు. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టిందే కొత్తగా దిగిన కుర్ర ఉద్యోగులకు ఇక్కడి భాషలు నేర్పడానికి. అందులో చదివి వచ్చినవాడే సి.పి. బ్రౌన్. 1832-33లో నందన కరువు, మా పెద్దలు డొక్కల కరువనేది, వచ్చినప్పుడు ఆయన గుంటూరులో ఉద్యోగంలో ఉన్నాడు. పైవాళ్లు కొరత అని రాసుకుంటుంటే ఆయన కరువనే రాసి చీవాట్లు తిన్నాడని చెబుతారు. ఆ బ్రౌనే 1855లో తాతాచారి కథలు అచ్చువేయించాడు. తాతాచారి నోటితో చెప్పినవాటిని చెప్పినట్టే రాయించిన కథలవి. గ్రాంథికం చదివి కచేరీకి వెళ్లిన దొరకు ఎదురుగా నిలబడ్డ రైతు మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ ఇబ్బంది బ్రౌన్‌కు తెలుసు. కథైతే చెప్పేవాడు మామూలుగా మాట్లాడతాడు. ఆ సంగతి పట్టుకోవడంలోనే ఆయన గొప్పతనమంతా ఉంది, నిఘంటువు కంటే నాకు అదే పెద్ద పని అనిపిస్తుంది. ఈ మాటంటే మా పండితులు ఒప్పుకోరు.

తర్వాత ఎదురు పాఠం మొదలైంది. మనవాళ్లు వాళ్ల భాష నేర్చుకోవాల్సి వచ్చింది. 1842లో ఫాదర్ హయ్యరు గుంటూరొచ్చి బళ్లు పెట్టాడు. ఆ లూథరన్ మిషనే 1885లో కాలేజీ పెట్టింది, అదే ఇప్పటి ఏసీ కాలేజీ. ఇంగ్లీషు చదువుతోపాటే ఇంగ్లీషు నాటకమూ వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగంగారు 1880లో విద్యార్థుల చేత నాటకాలాడించారు. షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను ఆయన చమత్కార రత్నావళిగా తెలుగు చేశారు. కృష్ణకు ఆవల బందరులో ఇంకో విచిత్రం జరిగింది. 1880లలో నాదెళ్ల పురుషోత్తమ కవి హిందుస్తానీలో నాటకాలు రాశాడు. రాసింది తెలుగు లిపిలో, ఆడింది తెలుగు కుర్రాళ్లు, చూసిందీ తెలుగువాళ్లే. ధార్వాడ నాటక సమాజాలు వచ్చి ఊళ్లకు ఊళ్లను పిచ్చెక్కించి పోయిన రోజులవి, ఆ మోజులో భాష అడ్డంకి కాలేదు. ఆ కుర్రాళ్లకు హిందుస్తానీ వచ్చిందా అంటే, పద్యాలు వచ్చాయి.

అక్కడే ఉంది కిటుకు. కంఠతా పట్టడం వేరు, మాట రావడం వేరు. మా నాన్న గుంటూరులో చదువుకునే రోజుల్లో స్కూలు వార్షికోత్సవంలో 'మర్చెంట్ ఆఫ్ వెనిస్' కోర్టు సీను ఆడారు. ఆ రోజుల్లో ఆ సీను ఆడని హైస్కూలు ఉండేది కాదు. ఆయన వేసింది బెస్సానియో. అయినా షైలాకు మాటలూ పోర్షియా మాటలూ అన్నీ వచ్చు. ముసలితనంలో కూడా భోజనం దగ్గర చెయ్యి కడుక్కుంటూ కత్తి నూరుతున్నట్టు నటించి చూపించేవారు. బ్యాంకుకు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయాల్సి వస్తే మాత్రం నన్ను పిలిచేవారు. షైలాకు ఏ బ్యాంకుకూ అర్జీ పెట్టలేదుగా అని నవ్వేవారు. ఆ నాటకం ఆయనకు ధైర్యమిచ్చింది, సభలో నిలబడటం నేర్పింది. భాష విషయంలో మాత్రం పద్నాలుగేళ్ల కుర్రాడి నోటికి ఆ మాటలు మరీ పెద్దవి. వాటిని విప్పి మళ్లీ తన మాటలుగా కట్టుకునే వీల్లేదు.

నాటకానికి మా ప్రాంతంలో కరువేమీ లేదు, ఉన్నది మితిమీరిన భోగం. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామ, చింతామణి వేస్తే ఆయన చీర కట్టును చూసి ఆడవాళ్లు నేర్చుకునేవారట. 1929లో తెనాలిలో సురభి వనారస గోవిందరావుగారి పూనికతో నాటక కళాపరిషత్తు పుట్టింది. అయితే ఆ నాటకమంతా పద్యం మీద నడిచింది. పద్యం అందుకుంటే వన్స్‌మోర్. పిల్లలకు లోహితాస్యుడు వేషం, లవకుశుల వేషం. పాము కరిచి చచ్చిపోవడం తప్ప లోహితుడికి పెద్దగా పనుండదు. మాట నేర్పే నాటకం తెనాలిలో ఉంటే అది రంగస్థలం మీద లేదు, అచ్చుకాగితంలో ఉంది.

చక్రపాణిగారిది తెనాలి ఐతానగరం. క్షయ పట్టి మదనపల్లె శానిటోరియంలో పడి ఉన్నప్పుడు అక్కడే బెంగాలీ నేర్చుకుని శరత్‌బాబును తెలుగులోకి తెచ్చినవాడాయన. ఇంకో భాషను పెద్దయ్యాక నేర్చుకున్నవాడికే వాక్యం ఎక్కడ బరువెక్కుతుందో తెలుస్తుందని నా నమ్మకం. నాగిరెడ్డిగారితో కలిసి ఆయన 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. 1952 నుంచి దాని భారమంతా మోసినవాడు మళ్లీ తెనాలివాడే, కొడవటిగంటి కుటుంబరావు. 1980లో పోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ప్రపంచంలో ఉన్న కథలన్నీ ఆయన చేతిలో పడి ఒకే రకం తెలుగైపోయేవి. చిన్న వాక్యం. ఒక వాక్యంలో ఒక పని. వర్ణన దాదాపు సున్నా. తెలుగు టీచర్లుగా మేం నాటకం కావాలనుకుంటే చందమామ ముందేసుకుని, 'అన్నాడు', 'అడిగింది' అన్నవి కొట్టేసి, ఎడమవైపు పేర్లు రాసుకుంటే సరిపోయేది. అది అంత తేలిగ్గా కుదరడం ఊరికే జరిగిందనుకోను.

రేడియోది మరో దారి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యగా మద్రాసు నుంచి పిల్లల కార్యక్రమం నడిపారు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాక ఆ గాలి మాకు ఇంకా దగ్గరైంది. రేడియో నాటకంలో కిరీటం లేదు, గద లేదు, పరదా లేదు. ఉన్నదంతా గొంతే. సింహం వచ్చిందని తెలియాలంటే ఎవరో ఒకరు 'అమ్మో సింహం' అనాలి. ఏం జరిగినా దాన్ని మాటలో పెట్టక తప్పదు. భాష నేర్పే నాటకం రాసేవాళ్లు ముందు రేడియోకు రాసి తర్వాత స్టేజీకి మార్చుకోవాలని నేను కొత్త టీచర్లకు చెప్పేదాన్ని.

కాన్వెంట్లు వచ్చాక అంతా తిరగబడింది. ఊరూరా ఇంగ్లీషు మీడియం, ఏటా యాన్యువల్ డే, అందులో తప్పకుండా ఒక సిండరెల్లానో స్నోవైటో. మా తమ్ముడి మనవరాలి స్కూల్లో ఒకసారి చూడటానికి వెళ్లాను. స్టేజీ మీద నలభైమంది దాకా పిల్లలు, అద్దెకు తెచ్చిన గౌన్లు, గుమ్మడికాయ బండి, పొగ యంత్రం. మాటలు మాత్రం ముందే రికార్డు చేయించారు. స్పీకరులోంచి ఎవరో పెద్దావిడ గొంతు వస్తుంటే పిల్లలు పెదాలు కదుపుతున్నారు. సిండరెల్లా చెల్లెళ్లలో ఒకతి ఆవులించింది, ఆ క్షణంలోనే స్పీకర్లో ఆ పిల్ల గట్టిగా తిట్టింది. తల్లిదండ్రులంతా సెల్‌ఫోన్లు పైకెత్తి ఉన్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ పిల్లల్లో ఎవరూ ఆ రాత్రి ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. ఒక్క స్కూలని కాదు, ఇప్పుడు చాలాచోట్ల ఇదే తంతు. మైకు సరిగ్గా అందదని, పిల్లలు మర్చిపోతారని కారణాలు చెబుతారు. మర్చిపోయి, తడబడి, పక్కపిల్ల అందిస్తే అందుకుని ముందుకు పోవడమే కదా భాష నేర్చుకోవడమంటే! కోర్టు సీను ఆడిన మా నాన్న కనీసం తన గొంతుతో ఆడారు.

మా సీమలో తెలుగే నేర్చుకోవాల్సిన పిల్లలున్నారన్న సంగతి చాలామందికి గుర్తుండదు. నేను కొన్నేళ్లు వినుకొండ వైపు పనిచేశాను. ఇప్పుడది పల్నాడు జిల్లా. బొల్లాపల్లి, దుర్గి, వెల్దుర్తి మండలాల్లో లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ, దానికి తెలుగుతో చుట్టరికం లేదు. సర్కారు 2004లో గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నవాటిలో బంజారా కూడా ఉంది, కానీ హైస్కూలుకు వచ్చేసరికి అంతా తెలుగే. వీళ్లు కాక, జనవరి దాటితే మిరప కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగేవి. ఆదోని, ఆలూరు, కోసిగి వైపు జనం. వాళ్ల పిల్లల తెలుగు వేరు, కొంతమంది ఇళ్లల్లో కన్నడం. కోతలైపోయేదాకా మా బళ్లో కూర్చునేవాళ్లు. ఈ పిల్లలు తరగతిలో నోరు మెదిపేవాళ్లు కాదు. మొద్దులని పేరు పెట్టేసేవాళ్లం. బయట గోళీలాటలో వాళ్ల నోరు వింటే తెలిసేది, వాళ్లు ఎంతటి మాటకారులో.

వాళ్లతోనే నేను ఏడు చేపలు ఆడించాను. చేపలు మాత్రం మాకు పొసగలేదు. సముద్రం ఎక్కడో నిజాంపట్నం, సూర్యలంక వైపు. మా ఊళ్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో కళ్లు తెరిస్తే ఎండుతున్నవి మిరపకాయలే. ఊరి చుట్టూ కల్లాలు, ఎటు చూసినా ఎరుపు, బడి కిటికీలోంచి ఘాటు. ఒక్క వాన పడిందంటే కాయ తెల్లబడి తాలైపోతుంది, మిర్చి యార్డులో టిక్కీ (బస్తా) రేటు సగానికి పడిపోతుంది. ఎందుకు ఎండలేదన్న ప్రశ్న ఆ పిల్లల ఇళ్లల్లో రోజూ వినపడేదే. సరే, చేపను తీసేసి మిరపకాయను పెడదాం, అది ఎందుకు ఎండలేదో మీరే చెప్పండన్నాను. గొలుసు వాళ్లే కట్టారు.

మిరపకాయను అడిగితే బరకం లేవలేదంది. టార్పాలిన్‌కు మా వైపు బరకమే అంటారు. వానొస్తుందని రాత్రి కప్పుతారు, పొద్దున్నే తీసెయ్యాలి, లేకపోతే లోపల ఆవిరి పట్టి కాయ మగ్గిపోతుంది. బరకాన్ని అడిగితే కూలోళ్లు రాలేదంది. కూలోళ్లను అడిగితే ఆటో రాలేదన్నారు. ఆటోను అడిగితే డ్రైవరు లేవలేదంది. డ్రైవరు వేషం కోసిగి వైపు నుంచి వచ్చిన కుర్రాడిది. వాడు దుప్పటి ముసుగులోంచి తల మాత్రం బయటపెట్టి, 'నేను రాత్రంతా నిద్రపోలేదు, దోమ కుట్టింది' అనేవాడు. రిహార్సల్లో వాడికి ఆ రెండు ముక్కలే ఇచ్చాను. అసలు రోజున వాడు తనంతట తానే ఎక్కడెక్కడ కుట్టిందో చెప్పుకుంటూ పోయాడు. చెవిమీద, మడమ మీద, ముక్కు మీద. మధ్యలో తెలుగు అయిపోతే వాళ్ల మాట అందుకున్నాడు. ఊరంతా పడి పడి నవ్వింది.

ఇక దోమ. నువ్వెందుకు కుట్టావని అడిగితే ఏం చెప్పాలో తేలక రెండు రోజులు కొట్టుకున్నారు. చివరికి తండా పిల్ల ఒకతి తేల్చింది. మురుక్కాలవ తియ్యలేదు, నేను పుట్టాను, ఆకలేసింది, కుట్టాను. అంతే. నాలుగు చిన్న ముక్కలు, అందులో ఒకటే జరగని పని. ముందు వరసలో కుర్చీలేసి ఊరి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాం. ఆ అమ్మాయి ఆ మాట అంటూ వాళ్లవైపు వేలు చూపించింది, అది నేను చెప్పిందీ కాదు, రాసిందీ కాదు. ఆ వారంలోనే కాలవ తీయించారని రాయాలని నాకూ ఉంది. తియ్యలేదు.

నాటకాన్ని నడపడానికి నేను వాడుకున్న చట్రం బుర్రకథది. షేక్ నాజర్‌ది మా జిల్లాలోని పొన్నెకల్లు. 1920లో పుట్టారు, 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన బొబ్బిలి యుద్ధమో పల్నాటి యుద్ధమో ఎత్తుకుంటే తెల్లారేదాకా జనం కదిలేవాళ్లు కాదు. నాకు కావలసింది ఆ యుద్ధాలు కాదు, ఆ ముగ్గురు నిలబడే తీరు. మధ్యలో కథకుడు. ఒక పక్క హాస్యగాడు, ఇంకో పక్క రాజకీయం చెప్పేవాడు, ఈ ఇద్దరూ వంతలు. కథ ముందుకు పోవాలంటే వంతలు అడ్డం తగిలి అడగాలి. 'తర్వాతేమైంది?', 'ఎవరూ?', 'ఎందుకూ?'. భాష బాగా వచ్చిన పిల్ల కథకురాలు, కొత్తగా నేర్చుకునేవాళ్లు వంతలు. వంతల మాటలు చిన్నవి, పదేపదే వస్తాయి, పైగా జనానికి నచ్చేది వాళ్లే. రాని పిల్లలకు చెట్టు వేషమో గోడ వేషమో ఇచ్చి మూల నిలబెట్టే పద్ధతికి ఇది విరుగుడు. ఈ చట్రంలో తాళం తప్పదు కాబట్టి మాట మర్చిపోతే డక్కీ వాయిస్తూ రెండు క్షణాలు గడిపెయ్యొచ్చు కూడా.

రిటైరయ్యాక ఆ కాగితాలు పెట్టెలో పడేశాను. వాటిని బయటికి తీయించింది మా అక్క కూతురు. డాలస్ దగ్గర ఉంటుంది, శనివారాలు తెలుగు బడిలో పిల్లలకు చెబుతుంది. అమెరికాలో మన జిల్లా జనం ఎప్పటినుంచో ఉన్నారు, అక్కడి తెలుగు సంఘం తానా పుట్టిన 1977 నుంచి లెక్కేసుకుంటే ఇప్పుడు మూడో తరం నడుస్తోంది. సిలికానాంధ్ర వాళ్లు 2007లో మనబడి మొదలుపెట్టాక తెలుగు బడులు అక్కడ ఒక పద్ధతిలో పడ్డాయి. వాచకాలు, పరీక్షలు, పిల్లల పండగలు అన్నీ ఉన్నాయి. "పిన్నీ, మా పిల్లలకు సిండరెల్లా తెలుగులో రాసివ్వవా, వాళ్లకు తెలిసిన కథైతే అర్థం చెప్పక్కర్లేదు" అంది.

ఆ మాటలో న్యాయం ఉంది. తెలిసిన కథైతే ఎక్కడున్నామో పిల్లకు తెలుస్తుంది, మాట మీదే దృష్టి పెట్టొచ్చు. రాయడానికి కూర్చుంటే తెలిసొచ్చింది, సిండరెల్లా కథలో మాట్లాడేవాళ్లు ఐదుగురు, మాట్లాడకుండా డాన్సు చేసేవాళ్లు పాతికమంది. అందులో జరిగే పనులన్నీ ఒక్కసారే జరుగుతాయి. బండి ఒక్కసారే వస్తుంది, చెప్పు ఒక్కసారే జారుతుంది. ఒక్కసారి విన్న మాట పిల్లకు ఏం పడుతుంది? చెప్పును ఇంటింటికీ తిప్పి చూసే ఘట్టం ఒక్కటే నాకు పనికొచ్చేట్టు కనపడింది. "ఈ చెప్పు నీదేనా?" "నాది కాదండీ, పట్టలేదు." అక్కడ మళ్లీ మన 'లేదు' దొరికింది. ఆ ఘట్టం వరకు రాసి, దానికి ముందు ఏడు చేపలు పెట్టి పంపాను. నీ క్లాసులో ఎంతమంది ఉంటే అన్ని ఇళ్లు పెట్టుకో, అందరి చేతా ఒక మాట అనిపించు అన్నాను.

వీడియో కాల్లో రిహార్సల్ చూశాను. అక్కడి పిల్లలకు మన దకారం పలకదు, నాలుక పళ్లకు తగలదు. ఎందుకు అనబోతే ఎండుకు అని వస్తుంది. "చేపా, నువ్వు ఎండుకు ఎండలేదు?" మా అమ్మాయి దిద్దబోతే వద్దన్నాను. అదీ బాగానే కుదిరింది, జనం నవ్వితే నవ్వనీ, నాలుక తర్వాత తిరుగుతుంది. గొల్లవాడు అన్నచోట కాపరి అని మార్చమంది, మార్చాను. బువ్వ అన్నచోట రైస్ అంటామన్నారు పిల్లలు, అది మాత్రం ఒప్పుకోలేదు. చీమ వేషం వేసిన పిల్లవాడి తల్లి ఫోను తీసుకుని, మా వాడికి మరీ ఒక్క మాటే ఉందండీ, ఇంకొంచెం రాయండి అంది. చీమకు ఎక్కువ మాటలు రాయకూడదు తల్లీ అన్నాను. అంతమంది అన్ని సాకులు చెప్పాక సూటిగా మాట్లాడేది అదొక్కటే. దానికి ఉపన్యాసం తగిలిస్తే కథ చచ్చిపోతుంది. ఆవిడకు అంతగా నచ్చినట్టు లేదు. చీమకు రెండు రెక్కలు, ఒక కిరీటం కుట్టించి ఆ లోటు తీర్చుకుంది.

ఇప్పుడు గుంటూరులోనూ అవే కాగితాలు అడుగుతున్నారు. 2020 నుంచి సర్కారు బడుల్లోనే పుస్తకం ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాష అయింది. ప్రైవేటు బళ్ల పిల్లలకైతే తెలుగు ఎప్పుడో రెండో భాషైపోయింది. మా లక్ష్మీపురంలోనే ఒక అపార్ట్‌మెంటు వాళ్లు ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పమన్నారు. పదేళ్లవాళ్లు, ఇంగ్లీషు దంచేస్తారు, తెలుగు అర్థమవుతుంది, చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం దగ్గర ఆగిపోతారు. డాలస్‌కు పంపిన నాటకమే వీళ్లకూ ఇచ్చాను. అక్కడ గడ్డివామి అంటే ఏమిటో తెలియక ఫోటో అతికించుకున్నారు. కోతమిషన్లు వచ్చాక మా పొలాల్లోనూ వాములు తగ్గిపోయాయి, ఇక్కడి పిల్లలూ ఫోటో అడిగారు. నేను పాత ఆల్బం వెతికి మా పుట్టింటి దొడ్లోది ఒకటి తీసిచ్చాను. ఫోటోలో వామి పక్కన మా నాన్న నిలబడి ఉన్నారు. ఈ తాతయ్య వేషం ఎవరిది అని అడిగిందొక పిల్ల. నాటకంలో ఆ వేషం లేదన్నాను. అయితే పెట్టండి, నేను వేస్తానంది. సరే, గడ్డికి కాపలా తాత అని ఒకణ్ని కొత్తగా చేర్చాం. అతన్నడిగితే ఏం చెబుతాడో ఇంకా తేలలేదు. ఈ ఆదివారం కూర్చోవాలి.